ఎన్ని మిగిలాయి?

హైదరాబాదు శివార్లలో ఒక సర్కారు బడి, రెండో తరగతి. గోడకి ఆనుకుని కూర్చున్న ఒక పాప ముందు లెక్కల పుస్తకం తెరిచి ఉంది. రవి దగ్గర పన్నెండు మామిడిపళ్లున్నాయి, అయిదు సీతకిచ్చాడు, ‘హౌ మెనీ ఆర్ లెఫ్ట్?’ పక్కన బొమ్మలో రెండు బుట్టలు. పాప ఎడమవైపు బుట్టలోని పళ్లు వేలితో లెక్కపెట్టి, నాలుగు అని రాసింది. జవాబు తప్పే, కానీ తోచింది రాసెయ్యడం వల్ల వచ్చిన తప్పు కాదు. లెఫ్ట్ అంటే ఎడమ అని ఒకటో తరగతిలో చేతులూపుతూ పాట పాడి మరీ నేర్చుకుంది. టీచరమ్మ వంగి “ఎన్ని మిగిలాయే?” అంది. పాప వేళ్లు కూడా మడవకుండా “ఏడు” అంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. పక్కన కూర్చున్న పిల్లాడికి కాలేదు. వాళ్ల నాన్న బీహారు నుంచి ఇళ్ల కట్టుబడి పనికొచ్చాడు. వాడికి లెఫ్టూ తెలియదు, మిగలడమూ తెలియదు. పాపే వాడివైపు తిరిగి “కిత్నా బచా?” అంది. వాడూ ఏడనే అన్నాడు.

ఆ బడి బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని రాసి ఉంది. ఆ అరనిమిషంలో లెక్క మూడు భాషల మీదుగా నడిచి గమ్యం చేరింది. అందులో ఒక భాష టీచరమ్మ నోట కూడా రాలేదు, ఏడేళ్ల పిల్ల తెచ్చింది.

మన దగ్గర ఈ విషయం ఎప్పుడు చర్చకొచ్చినా తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81, 85 నంబర్ల జీవోలు తెచ్చి, మరుసటి విద్యాసంవత్సరం నుంచి ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియమే అంది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లింది. ఆ జూలైలోనే కేంద్రం కొత్త జాతీయ విద్యావిధానం ప్రకటించి, కనీసం అయిదు దాకా, కుదిరితే ఎనిమిది దాకా, ఆపైన కూడా ఇంటి భాషలోనో స్థానిక భాషలోనో చెప్పాలంది. తెలంగాణ 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది వరకు తన బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షను ‘వీలైనంత వరకు’ పిల్లల మాతృభాషలో బోధన ఉండాలంటుంది. ఈ ‘వీలైనంత వరకు’ అన్న మాట మన చట్టాల్లోకెల్లా ఎక్కువగా సాగే గుణం ఉన్న మాట. ఎవరు ఎటు లాగితే అటు వస్తుంది.

ఈ తగువులో రెండు పక్షాలూ ఒక విషయాన్ని దాటేసి మాట్లాడుతున్నాయని నాకనిపిస్తుంది. తరగతి గదిలో రెండు భాషలే ఉన్నాయని ఇద్దరూ అనుకుంటున్నారు. పాతబస్తీలో ఉర్దూ, తండాల్లో లంబాడీ, ఉట్నూరు వైపు గోండీ కొలామీ, భద్రాచలం చింతూరు వైపు కోయ, సీతంపేట కొండల్లో సవర, ఇటుక బట్టీల దగ్గర ఒడియా. అక్కడి పిల్లకి తెలుగే రెండో భాష, ఒక్కోచోట మూడోది. తల్లిభాష పక్షాన నిలబడి ఆవేశంగా రాసే మనవాళ్లు చాలామంది తెలుగు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. ఇంగ్లీషు తెలుగు పిల్లకి చేస్తుందని వాళ్లు చెప్పే అన్యాయాన్ని తెలుగు కోయ పిల్లకి ఎప్పటినుంచో చేస్తోంది. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో వాళ్ల భాషలో చదువు చెప్పే ఏర్పాటుండాలంది. ఆ మాట ఏజెన్సీ ఘాటురోడ్డు ఎంతవరకు ఎక్కిందన్నది వేరే కథ.

ఎక్కించాలని చూసినవాళ్లు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పేరు చెబితే మనకి వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. అంతకు ముందే ఆయన పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపాడు. సవర తెలుగుకి చుట్టం కాదు, ముండా కుటుంబం. సవర పిల్ల తెలుగు వాచకం ముందు కూర్చోవడమంటే మన పిల్ల ఇంగ్లీషు వాచకం ముందు కూర్చోవడంతో సమానమే. ఆ తర్వాత 1943లో నిజాం ఏలుబడిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాదు మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకి శిక్షణ మొదలుపెట్టి, గోండీ వాచకాలు రాయించాడు. మళ్లీ 2003–04లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండీ, కోయ, కొలామీ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో బహుభాషా విద్య ప్రారంభించింది. పుస్తకాలు తెలుగు లిపిలో వేశారు. ఒకటో తరగతి ఇంటి భాషలో మొదలై, మెల్లగా తెలుగు, దాని వెనక ఇంగ్లీషు. కాగితం మీద ఇంతకంటే మంచి మెట్లవరస మన రాష్ట్రాల్లో ఎవరూ వెయ్యలేదు. వచ్చిన చిక్కల్లా పైమెట్లు. మూడో తరగతికొచ్చేసరికి ఆ భాష తెలిసిన పంతులు ఉండడు, అయిదోదికొచ్చేసరికి పుస్తకం ఉండదు.

ఇక పరిశోధనలేమన్నాయో చూద్దాం. ఇంగ్లీషు మీడియం వాదులు తరచూ ఎత్తే ఉదాహరణ కెనడా. 1965లో మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాల పిల్లల్ని కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో ముంచేశారు. కొన్నేళ్లకి వాళ్లకి ఫ్రెంచీ వచ్చింది, ఇంగ్లీషూ చెడలేదు. నిజమే, కానీ ఆ పిల్లల ఇంటి భాషకి వీధిలో, టీవీలో, కొలువులో తిరుగులేని బలం ఉంది. టీచర్లు ఫ్రెంచి అనర్గళంగా మాట్లాడేవాళ్లు. మొదట్లో పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తే ఎవరూ కసురుకోలేదు కూడా. ఈ మూడింటిలో ఒక్కటీ లేనిచోట ముంచడమంటే ఈత నేర్పడం కాదు, నూతిలో దింపి తాడు వదిలెయ్యడం.

దానికి ఎదురుగా పెట్టదగ్గది నైజీరియాలోని ఇఫే ప్రయోగం. 1970లో మొదలైంది. ఆరేళ్ల ప్రాథమిక చదువంతా యోరుబాలో చెప్పి, ఇంగ్లీషుని ఒక సబ్జెక్టుగా, దానికంటూ ఒక మంచి టీచరుని పెట్టి నేర్పారు. ఆ పిల్లలు మిగతా పాఠాల్లో ముందున్నారు, ఇంగ్లీషులో వెనకబడలేదు. నాకు దీంట్లో ముఖ్యంగా కనిపించేది యోరుబా కంటే ఆ ప్రత్యేక టీచరు. మన మాతృభాషావాదులు ఇఫేని ఉదాహరిస్తూ ఆ టీచరు సంగతి మరిచిపోతారు.

కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చిన మాట ఇక్కడ పనికొస్తుంది. కొత్త భాషలో కబుర్లు చెప్పడం పిల్లలకి ఒకటి రెండేళ్లలో వస్తుంది, ఆ భాషలో పాఠం చదివి ఆలోచించడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన మరో భాషలోకి మోసుకుపోవచ్చు. శేషం అంటే ఏమిటో తెలిసిన పిల్ల రిమైండరు అన్న మాట ఒక పూటలో నేర్చుకుంటుంది. ఏ భాషలోనూ శేషం తెలియని పిల్లకి రిమైండరు ఒక మంత్రం. ఆ ఏడేళ్ల లెక్క కూడా చుట్టూ ఇంగ్లీషు వినిపించే దేశాల్లో వేసినది. బడి గంట కొట్టగానే ఇంగ్లీషు ఆగిపోయే ఊళ్లో ఎన్నేళ్లో మనమే వేసుకోవాలి.

మన గడ్డ మీద జరిగిన పెద్ద పరీక్ష ఒకటుంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల్లో 180 పల్లెల్లో చేశారు. లాటరీ తీసి కొందరు సర్కారు బడి పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకీ తేడా లేదు. ప్రైవేటు బడి తక్కువ ఖర్చుతో, ఆ సబ్జెక్టులకి తక్కువ సమయం వెచ్చించి అదే ఫలితం తెచ్చింది. హిందీ అదనంగా వచ్చింది. దీంట్లో మీడియం గురించి ఒక జాడ కూడా దొరికింది. తెలుగు మీడియం ప్రైవేటు బడికెళ్లినవాళ్లు మెరుగుపడ్డారు, మధ్యలో ఇంగ్లీషు మీడియానికి మారినవాళ్లు ఇంగ్లీషు మినహా మిగతావాటిలో దెబ్బతిన్నారు. రచయితలే దీన్ని తుదితీర్పు అనలేదు, సూచన అన్నారు. తీర్పుగా వాడుకున్నవాళ్లు చాలామంది.

2016–20 మధ్య కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నడిపిన మల్టిలీలా అధ్యయనం ఢిల్లీ, పట్నాలతో పాటు హైదరాబాదు బడుల్నీ చూసింది. ఇంగ్లీషు మీడియం అని పేరున్న తరగతుల్లో నిజంగా నడుస్తున్నది కలగలుపు భాషేనని తేల్చింది. బడికి వెళ్లిన ఎవరికైనా తెలిసిన సంగతే అనుకోండి, పరిశోధకులు చెబితే గౌరవం. ఇక అసర్ సర్వే ప్రకారం దేశవ్యాప్తంగా పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో తేలికపాటి ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 2016లో 24.7 శాతం, 2022లో 24.5 శాతం. ఆరేళ్లలో ఎన్ని బోర్డులు మారినా ఆ అంకె కదల్లేదు.

అయినా అమ్మానాన్నలు ఇంగ్లీషు మీడియమే కావాలంటున్నారు. వాళ్లని అమాయకులనడం నాకు నచ్చదు. కంచ ఐలయ్య లాంటివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్నకి తెలుగు మేధావులు సూటిగా జవాబివ్వలేదు: మీ పిల్లల్ని ఎక్కడ చదివించారు? ఆటో నడిపే తండ్రికి పరిశోధనా పత్రాలు తెలియకపోవచ్చు, ఇంటర్వ్యూ గదిలో ఎవరు కుర్చీ చివర కూర్చుంటారో తెలుసు. అతనడుగుతున్నది ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియం అన్న బోర్డు కింద అది దొరుకుతుందని నమ్మడమే పొరపాటు. ఆ పొరపాటుకి బాధ్యత ఇంగ్లీషుని ఒక సబ్జెక్టుగా పదేళ్లు చెప్పి ఒక వాక్యం రానివ్వని మన తెలుగు మీడియం బడిది.

కాబట్టి అసలు సంగతి పద్ధతి దగ్గరుంది. ఇక్కడ కాస్త నిలబడాలి.

ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే, మాట ముందు రాత వెనక అన్న క్రమంలో నేర్పాలనే డైరెక్టు మెథడ్ మనకి కొత్త కాదు. వందేళ్ల క్రితం మన జిల్లాల్లో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉంటూ దాన్ని ప్రోత్సహించిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ అంత దూరమెందుకని ఆశ్చర్యపోయాడు. గిడుగు, గురజాడలతో ఆ ప్రశ్న ఏ మలుపు తిరిగిందో అందరికీ తెలిసిందే. పరాయి భాష ఎలా నేర్పాలన్న ఆలోచన నుంచి సొంత భాష ఎలా నేర్పాలన్న ఉద్యమం పుట్టడం మన చరిత్రలో ఒక చిత్రం. 1979–84 మధ్య బెంగళూరు కేంద్రంగా ఎన్.ఎస్. ప్రభు వ్యాకరణం పక్కనపెట్టి, రైలు టైంటేబుళ్లు, పటాలు పిల్లల ముందు పెట్టి చిక్కులు విప్పించాడు. దృష్టి చిక్కు మీద ఉంటే భాష దానంతటదే అంటుకుంటుందన్నది ఆయన నమ్మకం. 1994లో వేల్సులో కెన్ విలియమ్స్ ఒక భాషలో చదివించి మరో భాషలో రాయించే పద్ధతికి పేరు పెట్టాడు. న్యూయార్కులో ఒఫీలియా గార్సియా దాన్ని ప్రపంచమంతా తిప్పింది. ట్రాన్స్‌లాంగ్వేజింగ్ అంటున్నారు. భాషల మధ్య రాకపోకలు అనుకుంటే సరిపోతుంది.

ఈ రాకపోకల పేరుతో మన బడుల్లో జరిగేది మాత్రం వేరు. టీచరు పుస్తకం పట్టుకుని “ద క్రో అంటే కాకి, వాజ్ అంటే ఉండెను, థర్‌స్టీ అంటే దాహముగా” అంటూ పోతారు, పిల్లలు కోరస్. నాలుగు రోజులకి పిల్ల చెవి ఇంగ్లీషు ముక్కని వదిలేసి తెలుగు ముక్క కోసమే కాచుకుంటుంది. అందులో ఇంగ్లీషూ లేదు, కథా లేదు. ముందు కథంతా తెలుగులోనో కోయలోనో చెప్పి, కాకి రాళ్లు వేస్తే నీళ్లెందుకు పైకొస్తాయో పిల్లలచేత వాదులాడించి, అప్పుడు ఇంగ్లీషులో మొదటినుంచి చివరిదాకా ఆగకుండా చదివితే చెవి పనిచేస్తుంది. భాష మారాల్సింది ఆలోచన మలుపు దగ్గర, మాటమాటకీ కాదు.

అక్షరాల విషయమే చూడండి. తెలుగులో క అన్న అక్షరం పేరూ ‘క’, పలుకూ ‘క’. ఇంగ్లీషులో ‘సీ’ అన్న పేరులో ‘క’ లేదు, ‘ఎయిచ్’ అన్న పేరులో ‘హ’ లేదు, ‘డబ్ల్యూ’ సంగతి చెప్పనక్కర్లేదు. పేరుకీ పలుకుకీ పొందిక ఉన్న లిపిలో ఓనమాలు దిద్దిన పిల్ల “సీ ఏ టీ క్యాట్” అని వల్లిస్తుంటే ఆ మూడు పేర్లలోంచి ‘క్యాట్’ ఎలా వచ్చిందో ఆమెకి ఎవరూ చెప్పరు. గుణింతం తెలిసిన పిల్లకి హల్లూ అచ్చూ కలిస్తే ఏమవుతుందో బాగా తెలుసు. ఆ తెలివిని వాడుకుంటే సగం దారి నడిచినట్టే.

వాక్యం దగ్గరా ఇంతే. “మా నాన్న డ్రైవరు” అన్నది సంపూర్ణమైన తెలుగు వాక్యం, క్రియే అక్కర్లేదు. అందుకే పిల్ల “మై ఫాదర్ డ్రైవర్” అని రాస్తుంది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేబదులు తెలుగులో లేని ‘ఈజ్’ ఇంగ్లీషులో ఎందుకు కావాలో ఒక్కసారి రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. బీహారు పిల్లాడు ఆ తప్పు చెయ్యడు, వాడి భాషలో ‘హై’ ఉంది. వాడిచేతే చెప్పించొచ్చు. మనకి ‘మేము’, ‘మనం’ వేరు. ఇంగ్లీషుకి ‘వుయ్’ ఒక్కటే. “వుయ్ ఆర్ గోయింగ్ టు ద జూ” అని టీచరంటే తనని కూడా తీసుకెళతారో లేదో తెలుగు పిల్లకి అనుమానం రావడం న్యాయమే. తెలుగులో ‘అది వచ్చింది’ అంటే ఆవు కావచ్చు, చెల్లెలూ కావచ్చు. ‘షి’, ‘ఇట్’ కలగాపులగం కావడం వెనక ఇదుంది. ఏ తప్పు ఏ భాష గుమ్మంలోంచి వచ్చిందో గుర్తుపట్టగలిగిన టీచరుకి తరగతిలో నాలుగు భాషలుండటం బరువనిపించదు.

మరొకటి, పిల్ల బడికి వట్టి చేతులతో రాదు. బస్సు, సెల్లు, చార్జరు, ఫ్యాను, స్విచ్చి, టైరు, బిల్లు, మందుల షాపు. ఇంగ్లీషు రాని ఇంట్లో కూడా ఇవన్నీ ఉంటాయి, చివర మన ఉకారమో ఇకారమో తగిలించుకుని. కరెంటు పోయిందని అయిదేళ్ల పిల్ల చెప్పగలదు. ఈ మాటల్నే ముందు చదివించడానికి బదులు ఎప్పుడూ చూడని ‘యాక్’, ‘ఇగ్లూ’ లతో ఎందుకు మొదలుపెడతామో నాకిప్పటికీ అర్థం కాదు.

రెండు రాష్ట్రాలూ ఈమధ్య ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు వేసి పుస్తకాలిచ్చాయి. మంచి పని, రాజకీయ గొడవలో దక్కాల్సిన మెప్పు దక్కలేదు. అయితే ఆ తెలుగు పేజీ కూడా పిల్ల తెలుగు కాదు. ‘మిగిలాయి’ అనాల్సినచోట ‘శేషించినవి’ తరహా మాటలెదురైతే పిల్లకి రెండు పేజీలూ పరాయివే. కోయ పేజీ ఎలాగూ లేదు.

టీచర్ల గురించి ఒక మాట. తెలుగు మీడియంలో చదివి, తెలుగులో ట్రైనింగయి, ఇరవై ఏళ్లు తెలుగులో చెప్పినవాళ్లని ఒక జూన్ నెలలో ఇంగ్లీషులో చెప్పమన్నారు. స్టాఫ్ రూంలో ఒక మేష్టారు నాతో అన్నారు: “చదివేస్తాను సార్, పిల్లాడు ఎదురు ప్రశ్న వేస్తేనే భయం.” ఇది భాష రాకపోవడం కంటే పెద్ద నష్టం. ప్రశ్న వేస్తాడేమోనని భయపడే గదిలో ప్రశ్నలు పుట్టవు. 2023లో ఆంధ్రలో మూడో తరగతి నుంచే టోఫెల్ శిక్షణ అన్నారు, ప్రభుత్వం మారాక అది పోయింది. ఆ డబ్బుతో టీచర్లకి మాట్లాడే ఇంగ్లీషు నేర్పి ఉంటే ప్రభుత్వం మారినా అది వాళ్ల దగ్గరే ఉండేది.

సముద్రం అవతల ఇదే సమస్యకి వేరే రూపముంది. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల కేసు, లావ్ వర్సెస్ నికల్స్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఇంగ్లీషు రాని పిల్లకి అందరితో సమానంగా అవే పుస్తకాలు, అదే టీచరునిచ్చినంత మాత్రాన సమానత్వం అయిపోదంది. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దిగిన తెలుగు పిల్లకి బడిలో ఇంగ్లీషు కోసం విడిగా సాయం దొరకడం వెనక ఆ తీర్పుంది. ఆ పిల్లకి ఆటస్థలంలో కూడా ఇంగ్లీషే వినిపిస్తుంది, రెండేళ్లలో మాటలొచ్చేస్తాయి. మన బడుల్లో నాలుగు భాషల పిల్లల్ని ఒకే ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చోబెట్టి దాన్నే సమానత్వమంటున్నాం.

ఆ శివారు బడికి మళ్లీ వెళ్లాను. టీచరమ్మ గోడకి పాత క్యాలెండరు తిరగేసి అంటించి గళ్లు గీసింది. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, తర్వాత తెలుగు, ఉర్దూ హిందీలకి కలిపి ఒక గడి, చివర లంబాడీ. అన్నీ తెలుగు లిపిలోనే. లెఫ్ట్ అన్న మాటకి ఎదురుగా రెండు వరసలున్నాయి, ఒకదాంట్లో ఎడమ, రెండోదాంట్లో మిగిలిన. లంబాడీ గడి ఇంకా ఖాళీ. ఎందుకని అడిగితే, “ఆ పిల్ల రెండ్రోజులుగా రాలేదు సార్, తండాలో పండగట” అంది. పిల్లలు మాత్రం ఆ గడిలో ఇంకెవరినీ రాయనివ్వడం లేదట.